తొమ్మిదేండ్ల టికెట్ల డబ్బా, డల్లాస్ టైమింగు: ఎవరు ముందు చూడాలె?

గడియారం_సెంటర్_పిల్ల అడిగింది:

అందరికి నమస్తే. మాది నల్లగొండ. ఆగస్టు 11 రాత్రి శంషాబాద్ల ఫ్లైటు, డల్లాస్ పక్కన ఎమ్మెస్. సామాన్ల గురించి, లోను గురించి అడుగుతలేను. వాటికి మా అన్న ఉన్నడు, యూట్యూబ్ ఉన్నది. నేను అడిగేది సినిమా సంగతి. నవ్వేటోళ్లు నవ్వుకోండ్రి, గని ఆఖరిదాక చదివినంక నవ్వండ్రి.

నాకొక దోస్తున్నది. ఎనిమిదో తరగతి అయిపోయిన ఎండకాలం సెలవులల్ల, 2017 ఏప్రిల్ 28న, బాహుబలి రెండోది వచ్చిన రోజు, మేమిద్దరం మొదటిసారి పెద్దోళ్లు లేకుండ సినిమాకు పోయినం. పెద్దోళ్లు లేకుండ అంటె, మా నాయిన గేటు కాడ దింపిపోయిండు. ఆట ఇడిసి బయటికొచ్చేసరికి అదే చింతచెట్టు కింద, అదే బండి మీద కూసొని ఉన్నడు. ఇంటికి పోయిండో, మూడు గంటలు అక్కడనే ఉన్నడో ఇప్పటిదాక చెప్పలే.

ఆ రోజు నుంచి మా ఇద్దరికి ఒకటే కట్టుబాటు. మొదటి రోజు చూడాలె, ఇద్దరం కలిసి చూడాలె. ఒకళ్లకు కుదరకుంటె ఇంకొకళ్లు ఆగాలె. హీరో ఎవరైనా సరే. నాకు జ్వరమొస్తె అది ఆగింది. దాని నానమ్మ పోయినప్పుడు దినాలు అయ్యేదాక నేను ఆగిన, అప్పటికి మా ఊర్ల ఆ సినిమా ఎత్తేసిన్రు. సూర్యాపేటకు పోయి సెకండ్ షో చూసినం, దాని చిన్నాయిన తోడొచ్చిండు. హాలు మొత్తం మీద మాతోని కలిపి తొమ్మిదిమంది. చిన్నాయిన ఇంటర్వెల్ కాకముందే గురక పెట్టిండు, కాబట్టి ఎనిమిదిమందే అనుకోండ్రి. తొమ్మిదేండ్లల్ల ఒకళ్లను ఇడిసి ఒకళ్లం ముందు చూసింది లేదు.

టికెట్లన్ని ఉస్మానియా బిస్కెట్ల డబ్బాల ఉన్నయి. గులాబీ రంగువి, పసుపువి, గేటు కాడ మామ సగం చింపి ఇచ్చినవి. ఆ డబ్బా దానింట్లనే ఉంటది. ఎందుకంటె మా అమ్మ దీపావళి దులుపుడు దులిపిందంటె నా పదో తరగతి మెమో గూడ చెత్తల పోయేది, దేవుని దయతోని దొరికింది.

ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక, అంటె 2023 డిసెంబర్ తర్వాత, మాకు రెక్కలొచ్చినయి. పొద్దుగాల ఎక్స్‌ప్రెస్ ఎక్కుడు, ఆధార్ చూపెట్టుడు, జీరో టికెట్ తీసుకునుడు. ఎల్బీనగర్ల దిగి మెట్రో, ఎంజీబీఎస్ల మారి ఇంకో మెట్రో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. బస్సుకు ఒక్క రూపాయి కాకపోయేది. ఆ జీరో టికెట్లను గూడ అది డబ్బాలనే ఏసింది.

ఇప్పుడు అసలు సంగతి. జీఆర్‌ఈకి ఇద్దరం కలిసే చదివినం. దానికి నాకంటె ఆరు మార్కులు ఎక్కువ. కాలేజీ నుంచి ఉత్తరం గూడ వచ్చింది. వాళ్లకు మూడెకరాల బత్తాయి తోట, దాని మీదనే వాళ్ల నాయిన ఇద్దరు బిడ్డలను చదివిచ్చిండు. లోనుకు ఆ తోట పెట్టాలె. పెడ్తా అనే అన్నడట ఆయన. ఇదే వద్దన్నది. ఇప్పుడు ఒక ప్రైవేట్ స్కూల్ల లెక్కలు చెప్తది, సాయంత్రం గ్రూప్స్‌కు చదువుతది. నానక్‌రాంగూడల నా వీసా ఓకే అయిన రోజు ఇంటికొస్తె మిర్చీలు పట్టుకొచ్చింది. బాగనే నవ్వింది. పోయేముందు చెప్పులేసుకుంట ఒక మాటన్నది: "అక్కడికి పోయినంక నాకంటె ముందు సినిమా చూసినవనుకో, ఇగ నాతోని మాట్లాడకు."

నేను నవ్విన. అది నవ్వలే.

నాకప్పుడు తెల్వదు, అమెరికాల ముందు రోజే ప్రీమియర్లు పడ్తయని. నేను గొప్పకుపోయి ఒట్టేసిన. ఇప్పుడు ఆలోచిస్తుంటె నిద్ర పడ్తలేదు. అక్కడోళ్లు చెప్పండ్రి, ఇద్దరం ఒకటే టైముకు చూసే ఉపాయం ఏమన్న ఉన్నదా? ఒట్టు నిలబెట్టుకోవాల్నా, లేకుంటె పోకముందే కూసోబెట్టి ఇది కుదరదని చెప్పాల్నా?

ఇంకోటి. పోయేముందు దానికి ఏదన్న ఇద్దామని, మేం ఫస్ట్ టైం హైదరాబాద్ పోయిన జీరో టికెట్ అడిగి తెచ్చుకొని జిరాక్స్ షాపుల లామినేషన్ చేపిచ్చిన. మిషన్ల నుంచి బయటికొచ్చేసరికి పెనం మీద మాడిన అట్టు లెక్క నల్లగ అయింది. ఒక్క అక్షరం కనపడ్తలే. ఇంకా దానికి చెప్పలే. దీనికి మందేమన్న ఉన్నదా?

---

ఇర్వింగ్ల_హాలియా జవాబు:

చెల్లె, మాది హాలియా, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌కొచ్చి ఏడేండ్లు. లెక్క చెప్త, రాసుకో.

మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాక మీరు మాకంటె పదిన్నర గంటలు ముందు. చలికాలంల పదకొండున్నర. సినిమా అక్కడ శుక్రవారం రిలీజ్ అనుకో, ఇక్కడ గురువారం సాయంత్రం ప్రీమియర్. సాయంత్రం 6 ఆట అంటె మీకు శుక్రవారం పొద్దుగాల 4:30. కోడి గూడ కూయదు. నీ దోస్తు లేసి ముఖం కడుక్కునే లోపల నీకు శుభం కార్డు పడ్తది.

మరి ఒకటే టైముకు కుదరదా అంటె కుదురుతది, గని సందు చిన్నది. పెద్ద సినిమా అయితె ఇక్కడ గురువారం రాత్రి 10కి గూడ ఒక ఆట ఉంటది. ఎండకాలం లెక్కల అది మీకు శుక్రవారం 8:30. మీ తాన పర్మిషన్ ఇచ్చి పొద్దుగాల ఎక్స్‌ట్రా ఆట ఏస్తె ఇద్దరు ఒక్కసారే కూసోవచ్చు. ఎక్స్‌ట్రా ఆట లేకుంటె మీ మొదటి ఆట 11 గంటలకు, అంటె ఇక్కడ అర్ధరాత్రి 12:30. ఆ టైముకు ఎవడూ ఆట ఎయ్యడు. సంక్రాంతి సినిమాలకు ఇంకో గంట జరుగుతది, మీ 11 ఇక్కడ రాత్రి 11:30. అది గూడ కష్టమే.

నువ్వు ప్రీమియర్ ఇడిసిపెట్టి శుక్రవారం సాయంత్రం పోయినవనుకో, అప్పటికి ఆమె చూసి, తిని, పండుకొని గూడ ఉంటది. అప్పుడు ముందు చూసింది ఆమె అవుతది. ఆమెకు అది ఇష్టమో కాదో అడుగు.

ఇంకొన్ని ముచ్చట్లు ఎవరు చెప్పరు, నేను చెప్త. ఒకటి, కారు లేకుంటె ఇక్కడ థియేటర్ల దాక పోవుడే పెద్ద పని. నేను మొదటి సెమిస్టర్ల చూసింది ఒక్కటే సినిమా, అది గూడ రూమ్మేటు వాళ్ల బావ బండ్ల నలుగురం కూసునే జాగల ఆరుగురం ఇరుక్కొని. రెండు, ప్రీమియర్ టికెట్ మామూలు టికెట్ కంటె బాగ ఎక్కువుంటది. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ల వారానికి 20 గంటలకు మించి పని చెయ్యనియ్యరు, ఆ పైసలతోని ఎన్ని ప్రీమియర్లు చూస్తవో నువ్వే లెక్కేసుకో. మూడు, ఈల ఏస్తె ఏమనరు, గని కాగితం ముక్కలు ఎగరేస్తె ఆట ఆపేసి లైట్లేస్తరు. నా కండ్లముందు అయింది. మేనేజరొచ్చి ఇంగ్లీషుల తిట్టిండు, మనోళ్లు తెలుగుల సర్ది చెప్పిన్రు, అరగంట పోయింది.

తొక్కులు తెచ్చుకో, చికెన్ తొక్కు, మటన్ తొక్కు తేకు. మాంసం ఏదైనా ఎయిర్‌పోర్టుల తీసి పడేస్తరు. మా అమ్మ రెండు కిలోలు కట్టిచ్చింది, డస్ట్‌బిన్ల పడ్తుంటె చూసుకుంట నిలవడ్డ. ఇది నువ్వు అడగలే, గని ఎవలన్న వస్తున్నరంటె నాకు అదే యాదికొస్తది.

---

నిజం_మాట్లాడుకుందాం జవాబు:

లక్షల లోను పెట్టి పోతున్నవు, సినిమా ఎవరు ముందు చూడాల్నా అని లొల్లి. పోయి చదువుకోండి అమ్మా.

---

గడియారం_సెంటర్_పిల్ల జవాబు:

హాలియా అన్నా, థ్యాంక్స్. రాత్రి 10, పొద్దుగాల 8:30. కాగితం మీద రాసి అద్దానికి అతికిచ్చిన.

నిజం మాట్లాడే అన్నా, ఆఖరిదాక చదవమన్న గదా.

---

పిల్లలమర్రి_నీడ జవాబు:

మాది పాలమూరు. నేను నీ లెక్క పోయినదాన్ని కాదు. నీ దోస్తు లెక్క ఉన్నదాన్ని. అందుకే రాస్తున్న, జర గట్టిగ ఉంటది.

మా దోస్తు 2014ల ఆస్ట్రేలియా పోయింది. పోయేముందు రోజు పిల్లలమర్రికి, అదే మా పాలమూరు పెద్ద మర్రిచెట్టు కాడికి, పోయి కూసున్నం, పల్లీలు తిన్నం, ఏడ్చినం. ప్రతి ఆదివారం పొద్దుగాల 7కు ఫోన్ చేసుకోవాలని ఒట్లు. మొదటి ఆర్నెల్లు గడియారం పెట్టినట్టు చేసింది. తర్వాత దానికి ఒక స్టోర్ల ఆదివారం పని పడ్డది. శనివారం మార్చినం. శనివారం నాకు డ్యూటీ. మళ్ల మార్చినం. ఇట్ల మార్చుకుంట మార్చుకుంట ఫోను అంటెనే ఇద్దరికి భయం పట్టుకున్నది. మాట్లాడేది లేక కాదు. మొదలు పదినిమిషాలు "అయ్యో పోయినవారం చెయ్యలేకపోయిన" అని ఒకళ్లకొకళ్లం సంజాయిషీ చెప్పుకునుడే సరిపోయేది. ఎవరికి బాకీ ఉన్నమో తెల్వదు, గని ఇద్దరం బాకీ పడ్డట్టే ఉండేటోళ్లం.

ఆఖరికి పుట్టినరోజులకు కేకు బొమ్మలు పంపుకునే కాడికొచ్చింది. పిల్లలమర్రికి చెదలు పట్టి 2018ల చెట్టుకు సెలైన్ ఎక్కిచ్చిన్రు చూడు, పేపర్ల వచ్చింది, అప్పుడు ఆ ఫొటో దానికి పంపిన. "చెట్టు గూడ ఐసీయూల పడ్డదే" అని రాసిన. అయిదు నిమిషాలల్ల ఫోన్ చేసింది. అక్కడ రాత్రి రెండు. రెండు గంటలు మాట్లాడినం, ఒక్కపారి గూడ సంజాయిషీ లేదు. ఇప్పుడు ఆర్నెల్లకో, ఏడాదికో, ఏదన్న అట్ల తగిలితె మాట్లాడుకుంటం. బాగనే ఉన్నం.

కాబట్టి ప్రతి సినిమాకు లెక్క పెట్టుకొని ఒట్లు ఏసుకోకు. రెండు సినిమాలు నిలబెట్టుకుంటవు, మూడో దానికి నీకు పరీక్ష ఉంటది, నాలుగో దానికి ఆమెకు గ్రూప్స్ ఉంటది. అప్పుడు సినిమా వస్తుందంటెనే గుబులు పుడ్తది. మీకు ఇష్టమైనదాన్నే మీకు కాకుండ చేసుకుంటరు.

ఇంకో మాట. కోపం తెచ్చుకోకు. నువ్వు రాసిందంత రెండుసార్లు చదివిన. ఆరు మార్కుల సంగతి, బత్తాయి తోట సంగతి నిన్ను ఎవరు అడగలే, నీ అంతల నువ్వే రాసినవు. ఆమె పోవాల్సిన జాగలకు నువ్వు పోతున్నవని నీ లోపల ఒకటి కెలుకుతున్నది. సినిమా గూడ ఆమెకంటె ముందు చూస్తె అది గూడ గుంజుకున్నట్టే అనిపిస్తున్నది నీకు. అవునా కాదా? అవునైతె డల్లాస్ టైము లెక్క ఏసి లాభం లేదు. ఆమె తోట ఆమె కాపాడుకున్నది. దానికి నువ్వు తప్పు చేసినట్టు మొఖం పెట్టుకొని తిరుగుతె ఆమెకు ఇంకింత కోపమొస్తది. నాకైతె అట్లనే వచ్చేది.

---

రీలుపెట్టె_తాత జవాబు:

బిడ్డా, మాది మిర్యాలగూడ దిక్కు. టాకీసుల ఆపరేటర్‌గ పంతొమ్మిదేండ్లు చేసిన. ఇది మా మనుమడు కొడ్తున్నడు, నేను చెప్తున్న. తప్పులుంటె వానివి.

ఒకటే టైముకు చూసుడు గురించి అడిగినవు గదా. ఎన్కట ఒక సంగతుండె. పెద్ద సినిమా వస్తె ఊర్ల రెండు టాకీసులల్ల ఏసేది, గని ప్రింటు ఒకటే వచ్చేది. రెండు ప్రింట్లు తేవాల్నంటె డిస్ట్రిబ్యూటర్‌కు గిట్టదు. అందుకు ఏం చేస్తుంటిమి? వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడ్తది. రెండు కలిపి ఒక చక్రానికి చుడ్తె ఇరవై నిమిషాల పైమాట. మా తాన మొదటి చక్రం అయిపోంగనే రేకు డబ్బాల పెట్టి సైకిల్ పోరనికి ఇస్తం. వాడు తొక్కుకుంట రెండో టాకీసుకు పోతడు. అక్కడ ముప్పావుగంట ఆలస్యంగ ఆట మొదలు పెడ్తరు. మా తాన హీరో జైలుకు పోతుంటె ఆ తాన ఇంకా పుట్టిండో లేడో అన్నట్టుండేది. గొడుగు లేని వానదినం, సైకిల్ పంక్చరైన దినం ఆడ జనం కుర్చీలు కొడ్తుండిరి. ఒక్కసారైతె పోరడు నాలుగో డబ్బ బదులు ఆరోది పట్టుకపోయిండు. ఆడున్న ఆపరేటర్ చూసుకోలే. చచ్చిపోయినోడు మళ్ల లేసొచ్చి పాట పాడిండట. జనం ఏమనలే, చప్పట్లు కొట్టిన్రు. దేవుని సినిమా అనుకున్నరు.

నేను చెప్పేది ఏందంటె, మా టాకీసు జనం ముప్పావుగంట ముందు చూసిన్రని రెండో టాకీసోళ్లు ఎన్నడు ఏడ్వలే. మావోళ్లు ఆట ఇడిసి బయటికొచ్చి, ఆ టాకీసు ముందలకు పోయి నిలవడి, వాళ్లు బయటికొచ్చేదాక బీడీలు తాక్కుంట ఆగేది. ఎందుకంటె మాట్లాడుకోవాలె గదా. చూసినోడు చూడనోనితోని మాట్లాడితె దెబ్బలు పడ్తుండె.

ఇప్పుడన్ని కంప్యూటర్ల మీదనే. హార్డ్ డిస్కుల సినిమా వస్తది, దానికొక తాళంచెవి లెక్క కోడ్ పంపుతరు. ఫలానా రోజు ఫలానా టైము దాక డబ్బ తెరుసుకోదు. మా కాలంల తాళం లేదు, సైకిల్ పోరడే తాళం.

నువ్వు సినిమా పిచ్చిదానివి కాబట్టి అడుగుతున్న, పాత సినిమాల హీరో కత్తి కాంతారావుది ఏ ఊరో తెలుసునా? మన కోదాడ పక్కన గుడిబండ. యాక్టర్ డాక్టర్ ప్రభాకర్‌రెడ్డిది తుంగతుర్తి. ఇద్దరు పాత నల్లగొండ జిల్లోళ్లే. వాళ్లు మద్రాసు పోయిన దినాలల్ల మద్రాసు అంటె మాకు ఇప్పటి డల్లాస్ కంటె దూరం.

---

జిరాక్స్_షాపాయన జవాబు:

లామినేషన్ సంగతికి నేను చెప్త, మాది అదే పని, దేవరకొండల. అమ్మా, బస్సు టికెట్, మల్టీప్లెక్స్ కౌంటర్ టికెట్, ఏటీఎం చీటి, ఇవన్ని థర్మల్ కాగితం. ఇంకు ఉండదు. కాగితం మీద పూత ఉంటది, వేడి తగిలిన కాడ నల్లబడ్తది, అదే అక్షరం. లామినేషన్ మిషన్ల ఏస్తె కాగితం మొత్తానికి వేడి తగుల్తది, మొత్తం ఒకటే పెద్ద అక్షరం అవుతది. మందు లేదు. మీ షాపోడు చెప్పాల్సింది, చెప్పలే.

మిగిలినవి వెంటనే ఫోన్ల ఫొటోలు తీసిపెట్టుకో. అవి ఊకెనే పెట్టినా రెండు మూడేండ్లల్ల తెల్లబడ్తయి, ఎండకు, ప్లాస్టిక్ కవర్లకు ఇంకా తొందరగ పోతయి. పాత టాకీసు గులాబీ చీటీలు ప్రెస్సుల కొట్టినవి, వాటికేం కాదు, నీ మనుమల దాక ఉంటయి.

---

గడియారం_సెంటర్_పిల్ల జవాబు (నాలుగు రోజులైనంక):

పాలమూరు అక్కా, మీరు రాసింది చదివి ఫోన్ బోర్ల పెట్టి అటు మళ్లి పండుకున్న. పొద్దుగాల లేసి మళ్ల చదివిన. కోపం లేదు. ఉన్నది గని మీ మీద కాదు.

నిన్న ఆదివారం దానింటికి పోయిన, ముందుగాల జిరాక్సాయన చెప్పినట్టు ఫొటోలు తీద్దామని. మాడిపోయిన లామినేషన్ ఇచ్చేసిన. తిప్పి మలిపి చూసింది. "ఇదేంది, బొగ్గా?" అన్నది. చెప్పిన. పడిపడి నవ్వింది. వాళ్లమ్మను పిలిచి చూపెట్టింది, చెల్లెను పిలిచి చూపెట్టింది, తోటకెళ్లి వచ్చిన వాళ్ల నాయిన చెయ్యి గూడ కడుక్కోకముందే ఆయనకు చూపెట్టింది.

మంచం మీద డబ్బా బోర్లించినం. అదే అన్నది, "సగం సగం తీసుకుందం. ప్రతి సినిమాకు రెండు టికెట్లున్నయి గదా, నీకొకటి నాకొకటి." అది లెక్కల టీచర్ గదా, బస్సు టికెట్లు పక్కకు పెట్టి, సినిమావి రెండేసి రెండేసి పేర్చుకుంట పోయింది. పాతవాటిని రంగును బట్టి గుర్తుపట్టింది. హైదరాబాద్ల కౌంటర్ల ఇచ్చినవి జిరాక్సాయన చెప్పినట్టే సగం దాక తెల్లబడ్డయి, ఒక్క పేరు కనపడదు, గని అప్పుడే రెండిటికి కలిపి పిన్ను కొట్టి పెట్టింది కాబట్టి జత చెడలే.

ఆఖరికి లెక్క 137 వచ్చింది.

మళ్ల లెక్కపెట్టింది. 137. ఒక్క తెల్ల కాగితం మిగిలింది. పిన్ను గుర్తు లేదు, అక్షరం లేదు, ముందల వెనుక ఏం లేదు. దాన్ని రెండు వేళ్లతోని పట్టుకొని లైటుకు పెట్టి చూసి, "ఇది ఏ సినిమానే?" అన్నది.

మొదలు నేను ఇక్కడ రాసిన గదా, తొమ్మిదేండ్లల్ల ఒకళ్లను ఇడిసి ఒకళ్లం చూసింది లేదని. అబద్ధం. కన్సల్టెన్సీ పని మీద అమీర్‌పేట హాస్టల్ల పదిరోజులున్నప్పుడు, రూంల పిల్లలందరు పోతుంటె నేను పోయిన. రిలీజు రోజే. మూడో రోజు నల్లగొండ వచ్చి మళ్ల దీనితోని పోయి మొదటిసారి చూసినట్టే కూసున్న. అప్పటిదాక అది నా కోసం ఆగింది. ఆ టికెట్ పర్సులనే ఉండిపోయింది. పడేద్దామంటె చెయ్యి రాలే, ఎప్పుడో డబ్బాల కలిపిన.

తెల్ల కాగితం. బస్సుదో ఏదో అంటె అయిపోయేది. నోటిదాక వచ్చింది గూడ. గని చెప్పేసిన. ఏ సినిమా, ఎవలతోని, ఎన్ని గంటలకు, అంత.

అది డబ్బా మూత తుడుచుకుంట, "తెలుసు" అన్నది.

"ఎట్ల?"

"ఇంటర్వెల్ ముందు ఆ లారీ పేలింది చూడు, అది పేలకముందే నువ్వు చెవులు మూసుకున్నవు. హాలు మొత్తం మీద నువ్వొక్కదానివే."

ఏడాదిన్నర అయింది ఆ సినిమా వచ్చి. ఒక్కనాడు ఎత్తలే.

నాకు ఏడుపొచ్చింది. దానికి రాలే, లెక్కపెట్టే పని మీదున్నది. జీఆర్‌ఈ సంగతి, తోట సంగతి గూడ ఎత్తబోయిన, నడుమలనే ఆపింది. "మా తోట గురించి నువ్వు ఏడ్వకు, ఈసారి కాత మంచిగున్నది" అన్నది. అంతే, ఇగ దాని మీద మాట లేదు.

ప్రీమియర్ల సంగతి, పదిన్నర గంటల సంగతి చెప్పిన. అద్దం మీది కాగితం గూడ పట్టుకపోయిన. చూసి, "10కి పోతె పో, 6కి పోతె పో. ముందు చూస్తె చూసిన అని చెప్పు. చూడనట్టు యాక్టింగ్ చెయ్యకు, నీకు రాదు" అన్నది.

నా 68 ఒక కవర్ల ఏసిచ్చింది. అన్ని ఫొటోలు తీసినం. ఆ తెల్లది మాత్రం అడిగినా ఇయ్యలే, దాని దిక్కే పెట్టుకున్నది. బొగ్గు గూడ.

తాతా, ఆరో డబ్బ సంగతి దానికి చదివి వినిపిచ్చిన. వాళ్ల నాయిన నవ్వుకుంట, ఆ రోజులల్ల మిర్యాలగూడల ఆయన గూడ అట్ల తలకిందుల సినిమా ఒకటి చూసిన అన్నడు. మీదేనేమో, మనుమన్ని అడిగి ఏ సినిమానో రాయమనండ్రి.

హాలియా అన్నా, ఇర్వింగ్ నుంచి మా యూనివర్సిటీ ఎంత దూరమో నాకు తెల్వదు. సెప్టెంబర్ల ఏదన్న పెద్ద సినిమా పడ్తె మీ బండ్ల ఒక సీటు ఉంచుతరా? రాత్రి 10 ఆటకు. పొద్దుగాల 8:30కి ఎక్స్‌ట్రా ఆట పడ్తదో లేదో అది ఇక్కడ కనుక్కుంటా అన్నది.